ఎర్ర టోపీ అమ్మాయి ఏమైంది

మా పాపకి ఎన్నేళ్ళని ఎవరైనా అడిగితే మా ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఒక్క క్షణం పైకి చూసి, మనసులో ఒక తీసివేత చేసుకుని, అప్పుడు చెప్పేవారు. ఆ డిసెంబరులో ఒక ఆదివారం, చర్చిలో ఆరాధన అయ్యాక టీ తాగుతూ ఒక ఆంటీ మాటవరసకి అడిగింది. "ఐదేళ్ళ పది నెలలండీ" అన్నారు ఈయన. "అయితే ఆరు రాబోతున్నాయన్నమాట" అందావిడ. "రాబోతున్నాయి" అన్నారు గంభీరంగా. పక్కనే కప్పు పట్టుకుని నిలబడ్డ నాకు ఒళ్ళు మండిపోయింది. పాపకి ఆరేళ్ళు నిండి అప్పటికే నెల కావస్తోంది. కన్నదాన్ని నేను, ఆ మాత్రం నాకు గుర్తుండదా?

పాప రెండున్నర నెలలు ముందే పుట్టింది. జనవరి ఆఖరుకి రావలసిన పిల్ల నవంబరులోనే వచ్చేసింది. నేను స్టాఫ్ నర్సుగా పనిచేసే ఆసుపత్రిలోనే కన్నాను. నెలల తరబడి నర్సరీలో గాజుపెట్టెలో ఉంచారు. నా వార్డులో డ్యూటీ ముగించుకుని, అదే యూనిఫాంతో మెట్లెక్కి వెళ్ళి ఆ గాజు మీద చెయ్యి ఆనించి నిలబడేదాన్ని. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు ఒక మాట చెప్పారు. నెలలు తక్కువైన పిల్లల వయసుని పుట్టిన తేదీ నుంచి కాకుండా రావలసిన తేదీ నుంచి లెక్కపెట్టాలి, అప్పుడే ఎదుగుదల సరిగా తెలుస్తుంది, రెండేళ్ళు నిండేదాకా అలా చూసుకోండి, ఆ తర్వాత అక్కర్లేదు అన్నారు. మా ఆయనకి అందులో మొదటి సగమే వినపడింది.

ఆయన దేశ రాజధానిలో, కేంద్ర ప్రభుత్వంలో స్టాటిస్టిక్స్ ఆఫీసరు. ఊళ్ళూ వీధులూ తిరిగి సర్వే వాళ్ళు రాసుకొచ్చిన కాగితాల్ని పట్టికలుగా మార్చడం ఆయన పని. కూరగాయల సంచి ఇచ్చి మార్కెట్‌కి పంపిస్తే సగటు ధర తెలుసుకుని ఖాళీ సంచితో తిరిగొచ్చే రకం. అలాంటి మనిషి చేతికి డాక్టరుగారు ఒక తీసివేత ఇచ్చారు. ఇక వదులుతారా? పుట్టినరోజు కేకు కూడా జనవరి ఆఖర్లోనే కోసేవాళ్ళం. నవంబరులో ఆ తేదీ వచ్చేది, పోయేది, మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. మొదట్లో నాకూ అదే బాగుండేది. ఆ రోజు తలుచుకుంటే ఆపరేషన్ థియేటరూ, ఏడుపు వినపడని ఆ కాసేపూ తప్ప నాకింకేమీ గుర్తుకొచ్చేది కాదు.

అయితే పాపకి రెండు నిండాయి, మూడు నిండాయి. ఈయన తీసివేత ఆగలేదు. పాప ఆలస్యంగా కూర్చుంది, ఇంకా ఆలస్యంగా నడిచింది. ఆరేళ్ళొచ్చేసరికి రెండేసి మాటలు కలిపేది, అవీ హిందీలో. పగలంతా చూసుకునే ఆయా హిందీ ఆవిడ కదా. "పానీ దో." "డాడీ ఆయే." నీళ్ళివ్వు, నాన్నొచ్చారు, అంతవరకే. నర్సరీ క్లాసులో ఒక ఏడాది ఉంచారు, మళ్ళీ అదే క్లాసులో ఇంకో ఏడాది ఉంచారు. ఆ నవంబరు చివర్లో ప్రిన్సిపాల్ మేడమ్ మమ్మల్ని పిలిపించారు. మంచావిడే, కఠినంగా ఏమీ అనలేదు. ఇక్కడ ముప్పై మందిలో పాపని ఎవరూ పట్టించుకోలేరు, ఇలాంటి పిల్లల కోసం వేరే స్కూలుంది, అక్కడ ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతారు, వెళ్ళి చూడండి అని అడ్రసు ఇచ్చారు. నేను ఫోను చేస్తే చిన్నపిల్లల బ్యాచిలో ఒక్క సీటే ఉందనీ, క్రిస్మస్ సెలవుల్లోపు వచ్చి చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామనీ అన్నారు.

"ఇంకో ఏడాది చూద్దాం" అన్నారు ఈయన. "మిగతా పిల్లల్ని అందుకుంటుంది."

ఆ మాట మా ఇంట్లో ఉప్పులాగా ప్రతిదాంట్లోనూ పడేది. అందుకుంటుంది. ఆ నమ్మకం ఆయనకి ఎక్కడినుంచి వచ్చిందో చెబితే నవ్వుతారు. టీవీలోంచి వచ్చింది.

అంతకు ముందు చలికాలం ఒకసారి కేబుల్ వాడు ఛానెళ్ళన్నీ కలగాపులగం చేసి పెట్టాడు. వార్తలు రావలసిన చోట ఏదో విదేశీ ఆటల ఛానెల్ వచ్చింది. ఆర్.కె. పురం క్వార్టర్లో ముందు గదిలో హీటరు పెట్టుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాం. తెరంతా మంచు. వీపుకి తుపాకులు కట్టుకుని, కాళ్ళకి పొడుగాటి చెక్కలు తొడుక్కుని జారుకుంటూ పోతున్న ఆడపిల్లలు.

"యుద్ధమా ఏంటండీ?" అన్నాను.

యుద్ధం కాదు, ఆటేనట. బయాథ్లాన్ అంటారట. బాపట్ల దగ్గర పుట్టి, మంచంటే కూల్‌డ్రింకులో వేసుకునేదే అనుకుని పెరిగిన మనిషి ఆ సాయంత్రం ఆ ఆటకి అతుక్కుపోయారు.

అందులోనూ ఆదివారం జరిగే ఒక పందెం ఆయనకి పిచ్చి. పర్స్యూట్ అంటారు, అంటే వెంటాడటం. ముందు రోజు ఒక చిన్న పందెం అవుతుంది. అందులో గెలిచిన అమ్మాయి ఈ రోజు అందరికంటే ముందు బయల్దేరుతుంది. నిన్న ఆమెకంటే అర నిమిషం వెనకబడినవాళ్ళు ఇవాళ అర నిమిషం ఆగి కదలాలి. రెండు నిమిషాలు వెనకబడితే రెండు నిమిషాలూ ఆగాలి. ఐదు పెద్ద చుట్లు తిరగాలి. మధ్యలో నాలుగుసార్లు ఆగి తుపాకీ పేల్చాలి, రెండుసార్లు పడుకుని, రెండుసార్లు నిలబడి. ప్రతిసారీ ఐదు నల్లటి చుక్కలు. తూటా తగిలిన చుక్క తెల్లబడుతుంది. తగలని ప్రతి చుక్కకీ పక్కనున్న చిన్న దారిలో ఒక అదనపు చుట్టు తిరిగి రావాలి. చివరికి గీత ముందు దాటినవాళ్ళదే గెలుపు.

"నిన్నటి వెనకబాటుని మోసుకుంటూ ఇవాళ పరిగెత్తడం" అన్నారాయన. అని, పక్కకి తిరిగి, చాప మీద కూర్చుని వేరుశనగ తొక్కల్ని డబ్బాలో వేస్తూ తీస్తూ ఉన్న పాపని చూశారు. ఆ చూపు నేను గమనించాను.

ఆ తర్వాత మొదలైంది. ఆఫీసులో ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు ముందు కూర్చుని పాత పందేల ఫలితాలు ప్రింట్లు తీసుకొచ్చేవారు. ఎవరు ఎంత ఆలస్యంగా బయల్దేరారు, ఎంత వేగంగా జారారు, ఎన్ని గురి తప్పారు, చివరికి ఎంత వెనక చేరారు. భోజనాల బల్ల మీద నా పప్పు గిన్నెకి చోటుండేది కాదు. ఆయన పద్ధతి ఇదీ: మొత్తం టైములోంచి బయల్దేరేటప్పటి ఆలస్యాన్ని తీసేస్తే, ఆ అమ్మాయి ఆ రోజు నిజంగా ఎంత బాగా పరిగెత్తిందో తేలుతుంది. పదో స్థానంలో చేరిన పిల్ల అసలు పరుగులో రెండో స్థానంలో ఉండొచ్చు. పైకి కనపడదు. డాక్టరుగారు చెప్పిన తీసివేతే ఇది, తుపాకీ కట్టుకుని వచ్చింది.

నిజం చెప్పాలంటే ఆయన లెక్కలో నిజాయితీ ఉండేది. ముందు బయల్దేరినవాళ్ళే చాలావరకు ముందు చేరతారని ఆయనే ఒప్పుకునేవారు. మధ్యలో ఉన్నవాళ్ళ తలరాత గురి మీద ఉంటుందనీ, ఒకట్రెండు తప్పులతో ఎక్కడినుంచి ఎక్కడికో పడిపోతారనీ చూపించేవారు. ఆ లెక్కలన్నిటితో ఒక గ్రాఫు బొమ్మ గీశారు, ఒక్కో అమ్మాయికి ఒక్కో చుక్క, ఎంత వెనక చేరితే అంత పైన. కాని ఆయన మనసంతా ఆ బొమ్మలో కుడివైపు చివరన, అందరికంటే ఆలస్యంగా బయల్దేరినవాళ్ళ దగ్గర ఉండేది. వాళ్ళు బయల్దేరినప్పుడున్న దూరం కంటే చేరినప్పుడున్న దూరం తక్కువగా కనిపించేది. చుక్కలు కిందికి వంగి వస్తున్నట్టుండేవి.

"చూడవే" అనేవారు, పెన్సిలుతో ఆ చివర సున్నా చుట్టి. "వెనకున్నవాళ్ళు దగ్గరకొస్తున్నారు. నిన్న గాలి బాగోలేక గురి తప్పుంటారు, తుపాకీ మొరాయించుంటుంది. దురదృష్టం ప్రతిరోజూ ఉండదు కదా. ఇవాళ వాళ్ళు మామూలుకొస్తారు."

"మన పాపకి ఏ గాలి తగిలిందండీ?" అన్నానొకసారి. "రేసు వేరు, పిల్ల వేరు."

"నేను పిల్ల గురించి ఎక్కడ మాట్లాడాను?" అన్నారు. అంటూనే ఆ సున్నా మీద మళ్ళీ సున్నా చుట్టారు.

నేను నర్సుని. వార్డులో ఒక మనిషి మొహం చూస్తే ఇంటికెళ్ళేదెవరో, వెళ్ళనిదెవరో చాలాసార్లు తెలిసిపోతుంది. పాపని చూసినా నాకు తెలుస్తూనే ఉండేది. అయినా ఆయన ఆ బొమ్మ చూపించిన సాయంత్రాల్లో, గిన్నెలు తోముకుంటూ, ఏమో, అంత చదువుకున్న మనిషి, అన్ని లెక్కలు వేసి చెబుతున్నారు, నిజమేనేమో అనుకునేదాన్ని. అనుకోవడం ఎంత బాగుండేదో.

ఆ ఆంటీ పాప వయసు అడిగిన ఆదివారం కోపంగానే ఇంటికొచ్చాను. సెలవులు దగ్గరపడుతున్నాయి. ఆ స్కూలుకి జవాబు చెప్పాలి. అన్నం తిన్నాక అడిగాను, ఏం చేద్దామని. "చెప్పాను కదా" అన్నారు. నేను ప్లేట్లు కాస్త గట్టిగానే పెట్టాను సింకులో.

సాయంత్రం బయట పొగమంచు దిగింది. లోపల టీవీలో మంచు. పర్స్యూట్ మొదలైంది. పాప ఆయన ఒళ్ళో కూర్చుంది. చివర బయల్దేరేవాళ్ళని కూడా చూపించారు ఆ రోజు. అందరికంటే ఆఖరున కదిలిన అమ్మాయి నెత్తిన ఎర్ర టోపీ. పాపకి ఎరుపంటే ప్రాణం. "లాల్ టోపీ" అంది చప్పట్లు కొడుతూ. ముందున్నవాళ్ళని చూపించినంతసేపూ పాప తెర మూలల్లో వెతుక్కునేది. ఎక్కడో వెనక ఎర్రగా కనిపిస్తే మళ్ళీ చప్పట్లు.

ఎర్ర టోపీ అమ్మాయికి ఆ రోజు గురి అసలు కుదరలేదు. చిన్న చుట్లు తిరుగుతూనే ఉంది. ఇంతలో అందరికంటే ముందున్న అమ్మాయి ఒక పెద్ద చుట్టు పూర్తిగా తిరిగొచ్చి వెనకనుంచి ఆమెని దాటేసింది. ఎర్ర టోపీ పక్కకి తప్పుకుంది. పసుప్పచ్చ కోటు వేసుకున్న ఒకాయన చెయ్యెత్తి ఏదో చెప్పాడు. ఆమె దారి దిగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి నిలబడింది. కెమెరా ముందున్న అమ్మాయితో వెళ్ళిపోయింది.

పాప కాసేపు చూసింది. తెర ఈ మూలా ఆ మూలా వెతికింది. తర్వాత తండ్రి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"లాల్ టోపీ కహాఁ?"

మూడు మాటలు! అంతవరకూ రెండు మాటలకి మించి కలపని పిల్ల మూడు మాటలు కలిపి, ఎర్ర టోపీ ఎక్కడని ప్రశ్న అడిగింది. మా ఆయన మొహం వెలిగిపోయింది. "విన్నావా? విన్నావా?" అని నావైపు చూశారు. పాప తల ముద్దుపెట్టుకున్నారు. తర్వాత, పిల్ల అడిగిందానికి జవాబు చెప్పాలి కదా, మొదలుపెట్టారు. "ఆ దీదీని పంపించేశారమ్మా. ముందున్న దీదీ ఒక చుట్టు ఎక్కువ తిరిగొచ్చి దాటేస్తే, వెనకున్నవాళ్ళు ఇంక పరిగెత్తకూడదు. పక్కకి దిగిపోవాలి. అది రూలు. దిగిపోయినవాళ్ళకి..."

అక్కడ ఆగిపోయారు.

పాప ఇంకా గడ్డం పట్టుకునే ఉంది. "కహాఁ?" అంది మళ్ళీ.

నేను అడిగాను. వెక్కిరింపుకి కాదు, నాకు నిజంగా తెలియక అడిగాను. "అలా దిగిపోయినవాళ్ళు మీ బొమ్మలో ఎక్కడుంటారండీ?"

ఆయన టీవీ వైపే చూస్తూ చెప్పారు. "ఉండరు. వాళ్ళకి చివరి టైం ఉండదు. టైం లేని వరసలు ముందే తీసేస్తాను."

ఆఫీసులో అదే అలవాటు. సర్వే కాగితాల్లో ముఖ్యమైన గడి ఖాళీగా ఉంటే ఆ కాగితాన్ని వేరే కట్టలో పెట్టేస్తారు, కంప్యూటరు దాకా రానివ్వరు. పాతికేళ్ళ చేతి అలవాటు. ఆ చేత్తోనే ఈ పిల్లల్నీ తీసేశారు. వెనక బయల్దేరి దగ్గరకొచ్చినవాళ్ళు మిగిలారు. వెనక బయల్దేరి ఇంకా వెనకబడి, దారి దిగి వంగి నిలబడినవాళ్ళు ఆ కాగితం మీదకి రానేలేదు. ఆ చుక్కలు అంత అందంగా కిందికి వంగాయంటే, పైన ఉండవలసిన చుక్కలు లేవు కాబట్టి.

రిమోటు తీసుకుని టీవీ ఆపేశారు. పాప ఏడ్చింది.

మర్నాడు ఆఫీసునుంచి రోజూ వచ్చే బస్సుకే వచ్చారు. బూట్లు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నారు. దిగిపోయినవాళ్ళని కూడా చేర్చి మళ్ళీ చూశానన్నారు. టైం లేకపోయినా, కనీసం ఒక చుట్టు వెనకున్నట్టు పెట్టి చూశారట. "ఎలా ఉంది?" అన్నాను. చేత్తో గాలిలో గీత గీసి చూపించారు. చివర పైకి పోయింది.

"దగ్గరకొచ్చినవాళ్ళున్నారు" అన్నారు. "లేరని కాదు. వచ్చినవాళ్ళనే చూశాను నేను."

ఏడాదినుంచీ మొత్తుకుంటున్న వాదనలో నేనే గెలిచాను. ఎవరిక్కావాలండీ ఆ గెలుపు? అప్పుడు నేను చేసిందేమిటో తెలుసా? ఆయన పక్కన కూర్చుని, "రేసు వేరు, పిల్ల వేరు కదండీ. నిన్న మూడు మాటలు కలిపింది కదా. ఇంకో ఏడాది చూద్దామేమో" అన్నాను. అప్పటిదాకా ఆయన మోస్తున్న ఆశని ఆయన కింద పెట్టగానే నేనెత్తుకున్నాను. ఖాళీగా ఉండలేకపోయాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "రేపు సెలవు పెడతాను. నీ డ్యూటీ మార్చుకో" అన్నారు.

ఆ స్కూలు ఒక ఇరుకు సందులో పాత బంగళా. వాకిట్లో ఎండ పడుతున్న చోట పిల్లల్ని కూర్చోబెట్టి పూసలు గుచ్చిస్తున్నారు. పాపకంటే పెద్దవాళ్ళున్నారు, చిన్నవాళ్ళున్నారు. ఒక పిల్లాడు ఒకే పూసతో కుస్తీ పడుతుంటే పక్కనున్న టీచరు ఆ పూస వైపే చూస్తోంది, తొందరపెట్టకుండా. పాప మా చెయ్యి వదిలించుకుని వెళ్ళి ఎర్రపూసల గిన్నె ముందు కూర్చుంది. నేను చున్నీతో కళ్ళు తుడుచుకున్నాను. ఇక్కడికేనా తీసుకురావడం అని ఒక పక్క, ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదని ఇంకో పక్క.

అక్కడి పెద్ద మేడమ్ పాప దగ్గరకొచ్చి పక్కనే నేల మీద కూర్చున్నారు. పాప తల నిమురుతూ మా వైపు చూసి వయసు అడిగారు.

"బచ్చీ కీ ఉమర్?"

మా ఆయన ఒక్క క్షణం పైకి చూశారు. ఆరేళ్ళుగా చూస్తున్న ఆ చూపే. తర్వాత కళ్ళు దించి, పాపని చూస్తూ చెప్పారు.

"ఛే సాల్. ఛే సాల్ పూరే హో గయే. సోలహ్ నవంబర్ కో."

ఆరేళ్ళు నిండాయి, నవంబరు పదహారున. ఆయన నోట ఆ తేదీ నేను వినడం అదే మొదలు. మేడమ్‌కి ఇవేమీ తెలియవు. ఆవిడ సంబరంగా పాప వైపు వంగి, కేకు కోశావా అని అడిగారు. "అరే వాహ్! అభీ అభీ బర్త్‌డే గయా! కేక్ కాటా, బేటా?"

పాపకి కేక్ అనే మాట తెలుసు. పూస పట్టుకునే మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. మా ఆయనే, "నహీ కాటా, మేడమ్" అన్నారు.

సీటు ఖాయమైంది. తిరిగొచ్చేటప్పుడు మా క్వార్టర్లకి రెండు స్టాపుల ముందు మార్కెట్ దగ్గర ఆటో ఆపించారు. బేకరీ ముందు పాపని ఎత్తుకుని నిలబడి, అక్కడే, జనంలోనే ఏడ్చేశారు. ఆయన ఏడవడం నర్సరీ గాజుపెట్టె దగ్గర కూడా నేను చూడలేదు. "జనవరిలో పుట్టాల్సిన పిల్ల కోసమే చూస్తూ కూర్చున్నానే నేను" అన్నారు. "పుట్టిన పిల్లని... దీన్ని..." పాప ఆయన కళ్ళజోడు లాగబోయింది. నేను పాపని అందుకోబోతే ఇవ్వలేదు.

బేకరీ అబ్బాయి కేకు మీద ఏం రాయాలని అడిగాడు. పాప పేరు రాయించారు. కొవ్వొత్తులు ఎన్నని అడిగితే ఆరు అన్నారు.

ఇంటికొచ్చి, పట్టపగలు, బల్ల మీద కాగితాలన్నీ తీసేసి కేకు పెట్టాం. ఆరు కొవ్వొత్తులూ ఒక్క ఊదుతో ఆర్పడం పాపకి చేతకాలేదు. ఊదితే ఉమ్మి పడుతోంది, మంట ఊగుతోంది, ఆరడంలేదు. కేకు కోస్తున్నామని పిలిస్తే వచ్చిన పక్కింటావిడ, "మీరు ఊదెయ్యండి భాయీ సాబ్, మైనం కేకు మీద కారిపోతోంది" అంది హిందీలో. ఆయన ఊదలేదు. పాప వెనక మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు కట్టుకుని, ఎదురుచూశారు. ఒకటి ఆరింది. పాప వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. "ఔర్ ఏక్" అంది. "ఆఁ, ఇంకొకటి. మెల్లగా ఊదమ్మా" అన్నారు. మేమంతా అలాగే నిలబడ్డాం. చివరిది ఆరేసరికి కేకంతా మైనమే. పైపొర తీసేసి తిన్నాం.